పాట పంపొద్దు, చెప్పండి

జూన్ 3

ఒరేయ్ అల్లుడూ,

ఉత్తరమా అది, టెలిగ్రామా? "గది దొరికింది, ఉద్యోగం బాగుంది, నువ్వెలా ఉన్నావు" అని మూడు ముక్కలు రాసి సంతకం పెట్టేశావు. గదికి కిటికీ ఎటుందో రాయలేదు. కట్టుడుపళ్ళ ల్యాబులో నీ పక్కన కూర్చునేదెవరో రాయలేదు. మీ నాన్నా ఇంతే. నా తోడబుట్టిన అన్నే అయినా, ఆయన నోట్లోంచి నాలుగు మాటలు రాబట్టాలంటే పట్టకారు కావాలి. నువ్వూ అదే బాపతైతే కొత్త ఊళ్ళో ఎలా నెగ్గుకొస్తావురా?

అయితే చివర్లో ఒక్క మాట రాశావు, "పనయ్యాక మాట్లాడ్డానికి ఇక్కడ ఒక్కరూ లేరు" అని. ఆ మాట చదివే ఈ పొడుగు జవాబు.

నేనుండే పాటల గుంపు సంగతి నీకు చూచాయగా తెలుసు. ఇంటర్నెట్లో ఉంటుంది, పేరు అరుగు. రెండు మూడు వందల మంది పాటల పిచ్చోళ్ళం. అక్కడ గుమ్మం దగ్గర మనిషిని నేను. కొత్తగా ఎవరొచ్చినా మొదట పలకరించేది నేనే. "మీకు ప్రాణమైన కళాకారుడెవరు?" అని అడుగుతాను. వాళ్ళు చెప్తారు. ఆ వారమంతా గుంపులో అందరూ తమకి నచ్చినవాళ్ళని పక్కన పెట్టి, ఆ కొత్త మనిషి చెప్పిన కళాకారుడినే వింటారు. ఎంత గొప్ప పద్ధతో చూడు. వచ్చిన మొదటి వారమే నీ ఇష్టం అందరి ఇష్టమైపోతుంది.

ముప్పై ఏళ్ళు ప్రెస్సులో అచ్చు మిషను దగ్గర నిలబడ్డాను. ఒకరోజు వెళ్ళకపోతే "మిషను ఆగిపోయింది" అనేవాళ్ళు తప్ప "నువ్వు రాలేదేం" అన్నవాళ్ళు లేరు. ప్రెస్సు మూసేశాక నాకు మిగిలిన ఉద్యోగం ఈ గుమ్మమే. జీతం లేదు, కానీ ఇక్కడ పూట కనబడకపోతే అడుగుతారు. ఇది పోతే నేను గోడకి తగిలించిన పాత క్యాలెండరుని.

నాదొకటే నియమం: పాట పంపొద్దు, చెప్పండి. పంపడానికేం, వేలితో నొక్కితే వెళ్ళిపోతుంది. ఆ పాటలో నిన్ను పట్టుకున్నదేమిటో నోరు విప్పి చెప్పు. అప్పుడు లోపలికి రా. అక్కడ మన చుట్టరికం చెల్లదు. ఇంటి మాటలు ఉత్తరాల్లో, పాటల మాటలు అరుగు మీద. ఫోను మాత్రం చెయ్యకు, నాకు పడదు.

వేళకి తింటున్నావా?

నీ మేలు కోరే
అత్తయ్య


జూన్ 12

అత్తయ్యా,

ఇదుగో, పొడుగు ఉత్తరం. కిటికీ వీధి వైపుంది. కింద సైకిళ్ళ పంక్చర్ల షాపు. పొద్దున్నే ట్యూబులోంచి గాలి వదిలే చప్పుడుకి లేస్తాను, అలారం ఖర్చు లేదు. ల్యాబులో నలుగురం. మా మేస్త్రీ మంచివాడే కానీ అరుపులు ఎక్కువ. నా పక్కనావిడ రోజంతా మైనంతో ముందుపళ్ళు దిద్దుతుంది, ఎవరితోనూ మాట్లాడదు. నేను ప్లాస్టరు అచ్చులు పోసి, గట్టిపడ్డాక మిషను మీద అంచులు అరగదీస్తాను. ఊళ్ళో సగంమంది నోళ్ళు నాకు తెలుసు, ఒక్క ముఖమూ తెలియదు.

అరుగు మీదకొచ్చాను, నువ్వే చూశావుగా. అబ్బ, ఎంత హడావిడి చేశారు! బేకరీ అనే ఆయన (నిజంగానే బేకరీ ఉందట) తెల్లవారుజామున రొట్టెలు కాలుస్తూ నాకోసం విన్నానన్నాడు. రేడియో తాత అయితే రెండుసార్లు వినేశాడట. నేను చెప్పింది ఒంటితీగ ఆయన గురించి కదా. ఒక్క తీగ మీద ముప్పావుగంట సాగే వాయిద్యం. అంత లోతైనవాడిని ఇంత చిన్న వయసులో ఎలా పట్టుకున్నావని తాత అడిగాడు. ఛాతీ ఉబ్బిపోయిందనుకో. ఇప్పుడు నన్ను "ఒంటితీగ మాస్టారు" అంటున్నారు. ఆయన గురించి ఏ సందేహమొచ్చినా నన్నే అడుగుతున్నారు.

అందరూ మెచ్చుకున్నారు గానీ, నువ్వు మాత్రం "లోపలికి రండి" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. ఫోను వద్దన్నా సంతోషం పట్టలేక రెండుసార్లు చేశాను. ఎత్తలేదు. నా మీద ఏమైనా కోపమా?

తింటున్నాను. నిజంగా.

నీ మేనల్లుడు


జూన్ 20

అల్లుడు మాస్టారికి,

కోపం లేదు, తాపం లేదు. ఫోను ఎక్కడో మూల పడుంటుంది. వద్దన్నాక చేస్తే ఎత్తేవాళ్ళెవరు?

ఇక నువ్వు రాసిన ఒంటితీగ గురించి. "అనంతమైన మౌనాన్ని తడుముతూ, ఆత్మ లోతుల్లోకి" అని ఏదో రాశావు. బాగానే ఉంది, అట్ట వెనక అచ్చేసుకోవచ్చు. అట్ట వెనక రాతలు నేను జీవితమంతా అచ్చేశానురా. పుస్తకం చదవకుండా రాసినవాటి వాలకం నాకు ఇట్టే తెలుస్తుంది. మొన్న ఒక ఎలక్ట్రీషియన్ వచ్చాడు. వాడు తన డప్పు వాయించే మనిషి గురించి ఏం రాశాడో చదివావా? "ఇతను మొదలెడితే నాకు ఇంటికి ఆలస్యమైపోతున్నట్టుంటుంది, ఎందుకో పరిగెత్తాలనిపిస్తుంది" అన్నాడు. అదీ చెప్పడమంటే. నీ రాతలో ఎక్కడా నువ్వు కూర్చుని వింటున్నట్టు లేదు.

నొచ్చుకోకు. ఇంట్లో మనిషివని ఉత్తరంలో చెప్తున్నాను, అరుగు మీద అనలేదు.

ఇక్కడ పక్కింటివాళ్ళు గోడకి రంగు వేయించుకుంటున్నారు. ఆ నీలం చూస్తే కళ్ళు జివ్వుమంటున్నాయి.

అత్తయ్య


జూలై 1

అత్తయ్యా,

నొచ్చుకున్నాను. దాచుకోవడం ఎందుకు?

ముందు వినకుండా రాశానంటావా? ఎంతసేపు విన్నానో నాకు తెలుసు. నువ్వు విన్నావా అసలు? గుంపంతా "అక్కడ తీగ వణికింది, ఇక్కడ ఆగింది" అని రాసింది. నీ నుంచి ఆ వాయిద్యం గురించి ఒక్క మాట లేదు. నా రాత గురించి మాత్రం తీర్పు చెప్పేశావు.

సరే, ఒక పని చేద్దాం. ఆయన కొత్తగా వాయించింది ఒకటి బయటికొచ్చింది. నీ నియమం ఈ ఒక్కసారికి పక్కన పెట్టు. ఈ ఉత్తరం పోస్టులో వేసేటప్పటికి నీ ఫోనుకి అది పంపేస్తాను. విని చెప్పు. మొదటి నుంచి చివరి దాకా విను. ఆ తర్వాత కూడా నాకు చేతకాలేదంటే ఒప్పుకుంటాను.

ల్యాబులో పని ముమ్మరంగా ఉంది. మైనం ఆవిడ నాతో మొదటిసారి మాట్లాడింది. "పక్కకి జరుగు" అంది.

నీ మేనల్లుడు


జూలై 8

అల్లుడూ,

విన్నాను. బాగుంది. ఆ నిదానం, ఆ నడక, మధ్యలో ఆగి మళ్ళీ ఎత్తుకునే తీరు, అన్నీ బాగున్నాయి. నీకు నచ్చడంలో తప్పులేదు. నేనే తొందరపడ్డానేమో. ఇక ఆ గొడవ వదిలెయ్యి.

మైనం ఆవిడ మాట్లాడిందంటే మంచి శకునమే. జరగమంటే జరుగు, తర్వాత నెమ్మదిగా ఏం పాటలు వింటుందో అడుగు. ఎవరినైనా మాటల్లోకి దింపాలంటే నాకు తెలిసిన దారి అదొక్కటే.

అత్తయ్య


జూలై 15

అత్తయ్య గారికి,

మీరు విన్నానన్నది ఏమిటో తెలుసా? తెలియకపోతే చెప్తాను, వినండి.

ఆ రోజు పని మధ్యలో పంపాను. తొందరలో ఒకదాని బదులు ఇంకొకటి నొక్కాను. మీ ఉత్తరం వచ్చాక, ఏ చోటు మీకు నచ్చిందో చూద్దామని ఫోను తీసి చూసుకున్నాను. మీకు వెళ్ళింది ప్లాస్టరు అరగదీసే మిషను చప్పుడు. మిషను కొత్తగా కీచుమంటోందని, బాగుచేసేవాడికి వినిపించడానికి రికార్డు చేసుకున్నది. మొదటి నుంచి చివరి దాకా గర్రుమనే చప్పుడే. మధ్యలో ఆగి మళ్ళీ ఎత్తుకున్నదేమిటో తెలుసా? మా మేస్త్రీ "ఈ కోరపన్ను ఇక్కడ పెట్టిందెవడ్రా!" అని అరిస్తే నేను మిషను ఆపాను. మీకు ఆ నడక నచ్చింది.

ఒక్క క్షణం కూడా వినలేదు మీరు. నామీద తీర్పు చెప్పడానికి మాత్రం తీరిక ఉంది. పాట పంపొద్దు, చెప్పండి! ఎంత గొప్ప నియమం అనుకున్నాం అందరం. ఇప్పుడర్థమైంది, వినే ఓపిక లేనివాళ్ళు పెట్టుకునే నియమమది. మూడేళ్ళుగా కొత్తవాళ్ళు గుండె విప్పి రాస్తుంటే మీరు పాట ముఖం చూడకుండా "లోపలికి రండి" అంటున్నారన్నమాట.

ఆ కోపంలో అరుగు మీద రాసేశాను. మన చుట్టరికం చెప్పలేదు. "గుమ్మం దగ్గర ఆవిడ పాటలు వినరు, నా దగ్గర రుజువుంది" అని మిషను చప్పుడు, మీ మాటలు రెండూ పెట్టాను. పొద్దున రాస్తే సాయంత్రానికి గుంపంతా అట్టుడికిపోయింది. గుమ్మం దగ్గర మనిషిని మార్చాలని కొందరంటున్నారు. బేకరీ మిమ్మల్ని సంజాయిషీ అడిగాడు.

నేను రాసింది తప్పయితే చెప్పండి.

మీ మేనల్లుడు


జూలై 22

ఒరేయ్,

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నన్ను "నువ్వు" అన్నవాడివి, ఒక్కసారిగా "అత్తయ్య గారు, మీరు" అన్నావు. ఆ ప్లాస్టరు మిషను కంటే అదే ఎక్కువ గీరుకుపోయింది. సరే, తప్పు రాయలేదు నువ్వు. నేను వినలేదు. ఓపిక లేక కాదు. నాకు వినపడదు.

ప్రెస్సు మిషన్లు తిన్నాయి నా చెవుల్ని. ముందు సన్నటి గొంతులు పోయాయి, తర్వాత తంబురా లాంటివి, తర్వాత అన్నీ. డాక్టరమ్మ చెవి మిషను ఇచ్చింది. దానితో మనుషుల మాటలు, ఎదురుగా నిలబడి నోరు కదిపితే, సగం పట్టుకుంటాను. ఫోనులో అయితే అదీ లేదు. పాట పెడితే రేకుల మీద వాన. అది ఒంటితీగో, మీ మేస్త్రీ కోరపన్నో నాకెలా తెలుస్తుంది? నిన్ను చిన్నబుచ్చడం ఇష్టంలేక బాగుందన్నాను. మీ నాన్నకి కూడా చెప్పలేదు. చెప్తే ఇక నాతో చెయ్యి ఊపి, తల ఊపి మాట్లాడతాడు. ఇప్పటికే నాలుగు మాటలు, అవి కూడా పోతాయి.

గుంపులో చేరినప్పుడు ఇంకా కాస్త తెలిసేది. గుమ్మం నాకప్పజెప్పిన కొత్తలో ఒక పిల్ల పాట పంపింది. ఎన్నిసార్లు పెట్టినా హోరు. ఏమనాలో తోచక "పంపొద్దమ్మా, చెప్పు" అన్నాను. ఆ పిల్ల చెప్పింది చూడరా! వాళ్ళ మెట్ల మీద ఎవరో ఎక్కుతున్నట్టు ఆ గొంతు ఎలా వస్తుందో, తలుపు దాకా వచ్చి ఎలా ఆగుతుందో. నేను ఏడ్చాను. చెవులు బాగున్న రోజుల్లో కూడా ఒక పాట అంత దగ్గరగా రాలేదు. ఆ రోజు నుంచి అదే నియమం. నేను పాటలు వినలేదన్నది నిజం. వాళ్ళు చెప్పింది వినలేదంటే మాత్రం ఊరుకోను. ఒక్కో మాట పట్టి పట్టి చదివాను.

అందుకే నీ అబద్ధం కూడా దొరికింది. ఒంటితీగ అంటే నీకిష్టం లేదు. ఉంటే ఎందుకో నీ సొంత మాటల్లో చెప్పు. లేకపోతే నువ్వు నిజంగా ఎవరిని వింటావో చెప్పు. ఆ పేరు చెప్పడానికి ఎందుకు సిగ్గుపడ్డావో కూడా చెప్పు.

అరుగు మీద ఇదంతా రాసేశాను. నన్ను తీసెయ్యమని నేనే అడిగాను. బతిమాలుకోవడం నాకు చేతకాదు. అప్పట్నించి అటు చూడలేదు. పొద్దున లేవగానే చెయ్యి దానంతటదే ఫోను మీదకి పోతోంది, వెనక్కి లాక్కుంటున్నాను. ఇల్లు బోసిగా ఉంది. అదీ సంగతి, దాచడమెందుకు.

జాలి పడ్డావంటే పళ్ళు రాలగొడతాను. తర్వాత సెట్టు నువ్వే చేసుకోవాలి.

అత్తయ్య


ఆగస్టు 1

అత్తయ్యా,

నీ ఉత్తరం ల్యాబులో చదివాను. ఏడుపాగలేదు. మైనం ఆవిడ కుర్చీ జరుపుకుని వచ్చి, ఏమీ అడగకుండా పక్కన కూర్చుంది. నువ్వు జాలిపడొద్దన్నావు కాబట్టి పడట్లేదు. సిగ్గు మాత్రం పడుతున్నాను. నలుగురి ముందు నిన్ను నిలబెట్టాను. ముందు నిన్నడగాల్సింది. క్షమించు.

నువ్వన్నది నిజం. ఒంటితీగ ఆయన ముప్పావుగంటలో నేను రెండుసార్లు నిద్రపోయాను. గుంపులో పెద్ద పెద్ద వాళ్ళున్నారు కదా, నా ఇష్టం చెప్తే నవ్వుతారని భయపడ్డాను. రాసిందంతా ఎక్కడెక్కడో చదివింది. ఇదే మాట అరుగు మీద కూడా రాసేశాను. మాస్టారు పదవి పోయింది, పీడా వదిలింది.

నాకు నిజంగా ప్రాణమైంది సబ్బు ప్రకటనలో పాడే ఆవిడ. రేడియోలో వచ్చేది, నీకు గుర్తుండే ఉంటుంది. ఆవిడ పేరు ఎవరికీ తెలియదు. పాట ఊపిరి తీసి వదిలేంత సేపే ఉంటుంది. నీ నియమం ప్రకారం చెప్తాను. ఆవిడ గొంతు పెళ్ళికో పేరంటానికో తయారైన గొంతు కాదు. ఇప్పుడే పనులు ముగించుకుని చేతులు తుడుచుకుంటూ వచ్చిన మనిషి గొంతు. నవ్వు ఆపుకుంటూ పాడుతున్నట్టుంటుంది, చివరి మాట దగ్గర ఇక ఆపుకోలేదు. అక్కడ కోసేశారు. ఆ నవ్వు పూర్తయితే ఎలా ఉండేదో అని చిన్నప్పట్నించీ అనుకుంటాను. రోజు ఎంత పాడుగా గడిచినా, అది వింటే నన్ను ఎవరూ తిట్టరనిపిస్తుంది.

ఇక గుంపు సంగతి. నువ్వు చూడ్డంలేదు కాబట్టి చెప్పాలి. ముందు గొడవపడ్డారు. వినపడకుండా గుమ్మం దగ్గరెలా కూర్చుందని ఇద్దరు ముగ్గురు గట్టిగానే అన్నారు. అప్పుడు రేడియో తాత రాశాడు: "యాభై ఏళ్ళుగా నా పాటలన్నీ మా ఇంట్లోవాళ్ళకి వినిపించాను. నీకెందుకిష్టం అని ఒక్కరూ అడగలేదు. ఆవిడ అడిగింది. మీ చెవులన్నీ పనిచేస్తున్నాయిగా, మీరు అడిగారా?"

ఈలోపు కొత్తగా ఒకావిడ వచ్చింది, రేవులో క్రేను నడుపుతుందట. బేకరీ పలకరించి పాట పంపమన్నాడు. పంపింది. పదిమంది బాగుందని బొటనవేలి గుర్తులు పెట్టారు. అంతే, ఇక మాట లేదు. పాపం ఆవిడ "ఇంతేనా అండీ?" అని రాసింది. చూస్తే నాకే తలకాయ కొట్టేసినట్టైంది. ఆవిడ ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది అత్తయ్యా. అందరూ నిన్ను రమ్మంటున్నారు. జాలితో కాదు. పలకరించడం మాలో ఎవరికీ చేతకావట్లేదు.

ఎవరైనా పాట పంపితే నేను విని, అందులో ఏముందో నీకు రాస్తాను. అబద్ధాలు రాయను. రాసినా పట్టేస్తావుగా.

నీ మేనల్లుడు


ఆగస్టు 10

ఒరేయ్ అల్లుడూ,

వెళ్ళాను. మనిషిని గుమ్మంలో నిలబెట్టి వచ్చామంటే నాకు అన్నం సహిస్తుందా?

వెళ్ళగానే తలా ఒక మాట. వాళ్ళందరికీ ఒకే మాట చెప్పాను. నా చెవులు పోయాయి, ఇది అందరికీ తెలియాలి, ఇక మీదట కొత్తవాళ్ళకి ముందే చెప్తాను. అది తెలిసి కూడా నాతో మాట్లాడాలనుకుంటే సరే, లేకపోతే బేకరీ గారున్నారు, బొటనవేళ్ళు పెడతారు. ఆయన పాపం దండం పెట్టేశాడు. పాటలు విని రాసే పని నీకిచ్చాను. గుంపు ఒప్పుకుంది. నీ సబ్బావిడ గురించి రాసింది మూడుసార్లు చదివాను. ఒంటితీగ రాసిన చెయ్యేనా ఇది అనుకున్నాను.

తర్వాత క్రేనావిడని పిలిచాను. "అమ్మా, ఆలస్యమైంది, ఏమనుకోకు. నీకు ప్రాణమైనవాళ్ళెవరో చెప్పు" అన్నాను. ఆవిడ ఘటికురాలు. "చెప్తానండీ, కానీ ముందు మీరు చెప్పండి. మీరు చెవులారా విన్న చివరి గొంతు ఎవరిది? పంపొద్దు, చెప్పండి" అంది. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నన్నడిగినవాళ్ళు లేరు. గుంపంతా ఎదురుచూస్తోంది. నియమం పెట్టింది నేనే, తప్పించుకునే దారేది?

అందుకని రాశాను. ఇదుగో, రాసింది రాసినట్టు:

"అతను ఒక్క పాటే పాడతాడు. అది సబ్బు పాట. వేదిక మా ఇంటి స్నానాల గది. పళ్ళ పని నేర్చుకోవడానికి మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ రోజూ కచేరీయే. మొదటి వరస మామూలుగా ఎత్తుకుంటాడు. రెండోది ఎత్తుకునేటప్పటికి ఎక్కకూడనంత పైకెక్కి, దిగడం తెలియక అక్కడే కేక పెడతాడు. నీళ్ళు పోసుకున్నప్పుడల్లా పాట మునిగిపోతుంది, మళ్ళీ తేలుతుంది, తేలినప్పుడు వేరే చోట ఉంటుంది. చివర్లో నవ్వుతాడు. ఎందుకో నాకెప్పుడూ అర్థం కాలేదు. ఆ పాట అసలు పాడినావిడ గొంతు నేను వినలేదు. మా ప్రెస్సులో రేడియో పెట్టినా మిషన్ల హోరులో కలిసిపోయేది. నాకా పాట ఇతని గొంతులోనే తెలుసు. పొయ్యి మీద పాలు పొంగుతున్నా పట్టించుకోకుండా నిలబడి వినేదాన్ని. నాలుగేళ్ళ క్రితం చదువైపోయి పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఏ గొంతూ నన్ను పూర్తిగా చేరలేదు."

తర్వాత రేడియో తాత అడిగాడు, ఈ కళాకారుడు ఎక్కడ దొరుకుతాడని. పళ్ళ ల్యాబులో ప్లాస్టరు అరగదీస్తూ దొరుకుతాడని చెప్పేశాను. చుట్టరికం కూడా బయటపెట్టాను, ఇక దాచేదేముంది.

మన పద్ధతి నీకు తెలుసుగా. ఒకరు చెప్పాక, ఆ వారమంతా గుంపు ఆ కళాకారుడినే వినాలి. మూడు వందల మంది నీకోసం కాచుకుని కూర్చున్నారు. మైనం ఆవిడకి కూడా వినిపించు, తప్పు లేదు. సిగ్గుపడకుండా గొంతెత్తి పాడి, రికార్డు చేసి వాళ్ళకి పెట్టు.

నాకు అక్కర్లేదు. నాకది కంఠతా వచ్చు.

అత్తయ్య